నాన్నా, ఆ కాగితం మీద ఇంకా సంతకం పెట్టకు

ఓర్లాండో,
ఆదివారం మధ్యాహ్నం

నాన్నా,

నువ్వూ అమ్మా బాగున్నారని తలుస్తాను. మేం ముగ్గురం బాగున్నాం. ఈ సంగతి ఫోన్లో ఎత్తితే మధ్యలో అమ్మ ఫోన్ లాక్కుని మోకాలి నొప్పి మొదలుపెడుతుంది. నువ్వేమో "సరేలే, తర్వాత మాట్లాడదాం" అనేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఫోన్లో చదివితే నీకు కళ్ళు లాగుతాయి కదా, శీనుకి పంపిస్తున్నా, పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి ఇస్తాడు. ఆలస్యం చేస్తే నాకు చెప్పు.

ఆఫీసు మామూలే. పని ఉంది, జీతం వేళకి పడుతోంది. టీవీలో ఉద్యోగాల కోత అని చెప్పినప్పుడల్లా అది మా ఇంట్లోనే జరిగినట్టు అమ్మని కంగారు పడవద్దను.

మాగాయ వచ్చింది. ఒక సీసా మూత కొంచెం ఊడి నూనె అంతా అట్టపెట్టెకి అంటింది, పెట్టె పారెయ్యబుద్ధి కాలేదు. మీ అల్లుడు వేడన్నంలో కలుపుకుని, ఇందులో మెంతులు కొంచెం ఎక్కువయ్యాయని అన్నాడు. ఆ మాట అమ్మకి చదివి వినిపించకు.

ఇక విషయానికొస్తా. విజయవాడలో ఆ హోటల్లో మీ ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, టీ బిస్కెట్లు పెట్టి, ఏటా ఒక వారం వాళ్ళ రిసార్టుల్లో ఉండే సెలవుల సభ్యత్వం కొనమని (ఇక్కడ దాన్నే టైమ్‌షేర్ అంటారు) మూడు గంటలు వాయించారని అమ్మ చెప్పింది. బట్టల షాపులో కూపన్ నింపి డబ్బాలో వేసినప్పుడే అనుకోవలసింది. అయినా నువ్వు "మా అమ్మాయిని అడిగి చెబుతా" అని లేచి వచ్చేశావట. ఆ మాట విని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. కానీ వాళ్ళు అప్పట్నుంచీ రోజూ ఫోన్ చేస్తున్నారనీ, నువ్వు కాస్త మెత్తబడ్డావనీ కూడా తెలిసింది. నన్ను అడుగుతానన్నావు కాబట్టి నా జవాబు ఇదిగో. నేనుండేది ఈ వ్యాపారం కాపురం పెట్టిన ఊళ్ళో. హైవే మీద ప్రతి మలుపులో దాని బోర్డే ఉంటుంది.

రిజిస్ట్రారాఫీసులో తల నెరిసిన మనిషివి. లింకు డాక్యుమెంట్లు లేకుండా సెంటు భూమి కొనొద్దని పెదనాన్నతో ఏడాది మాటలు మానేసిన వాడివి. మరి ఈ సెలవుల సభ్యత్వానికి పుట్టుపూర్వోత్తరాలు ఏమిటని వాళ్ళని అడిగావా? అడిగి ఉండవు. నేను చెబుతా విను.

ఇది పుట్టింది అమెరికాలో కాదు, యూరప్‌లో. 1963లో స్విట్జర్లాండ్‌లో అలెగ్జాండర్ నెట్టె, గీడో రెంగ్లి అనే ఇద్దరు హాపిమాగ్ అని ఒక కంపెనీ పెట్టారు. నువ్వు వాటా కొంటావు. ఆ డబ్బుతో కంపెనీ, జనం సెలవులకి వెళ్ళే చోట్ల ఇళ్ళు కొంటుంది. వాటాదారులు ఏటా తమకొచ్చే పాయింట్లతో ఆ ఇళ్ళలో వంతుల వారీగా ఉంటారు. అప్పటికి యుద్ధం ముగిసి ఇరవై ఏళ్ళు కాలేదు. మామూలు ఉద్యోగస్తుల చేతికి కాస్త డబ్బూ, జీతంతో కూడిన సెలవులూ వచ్చాయి. సముద్రం ఒడ్డున సొంతిల్లు కట్టుకునేంత స్తోమత మాత్రం రాలేదు. అలాంటి పదిమంది కలిసి మన కాలవ కింద నీళ్ళకి వంతులేసుకున్నట్టు ఇంటికి వంతులేసుకుంటే అందులో తప్పేముంది? నాకైతే ఏ తప్పూ కనపడదు. ఆ కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది.

తర్వాత ఫ్రాన్స్ వాళ్ళు అందుకున్నారు. ఆల్ప్స్ కొండల్లో సూపర్ దెవొలూయ్ అని మంచు మీద ఆటలాడే ఊరొకటి 1960ల్లో కొత్తగా కట్టారు. అక్కడి వాళ్ళ ప్రచారం ఏమిటంటే, గది అద్దెకి తీసుకోవడం దేనికి, హోటలే కొనుక్కోండి, అదే చవక అని. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించు నాన్నా. "హోటల్ బిల్లు కడితే పోయినట్టే సార్, ఇది ఆస్తి" అని విజయవాడలో టై కట్టుకున్న కుర్రాడు నీకు చెప్పింది ఇదే కదా! అరవై ఏళ్ళయింది, పాఠం మారలేదు.

అమెరికాకి వచ్చేసరికి దీని సంగతి వేరయింది. 1971 అక్టోబరులో మా ఊరి పక్కన డిస్నీ వరల్డ్ తెరిచారు. ఆ రోజుల్లో ఫ్లోరిడా అంతా సముద్రం వెంబడి అపార్ట్‌మెంట్లు లేపేశారు. సరిగ్గా రెండేళ్ళకి, 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. పెట్రోలు బంకుల ముందు మైళ్ళ కొద్దీ కార్లు బారులు తీరాయి. కార్లో ఇంటిల్లిపాదీ ఫ్లోరిడా వచ్చే జనం తగ్గిపోయారు, వడ్డీలు పెరిగాయి, కట్టిన ఫ్లాట్లు అమ్ముడుపోలేదు. బిల్డరు మాత్రం బ్యాంకుకి కట్టాల్సిందే. అప్పుడు ఈ యూరప్ పద్ధతి వాళ్ళ ప్రాణం నిలబెట్టింది. ఫ్లాట్ మొత్తం కొనేవాడు దొరకడు గానీ ఒక వారం కొనేవాడు దొరుకుతాడు.

లెక్క నువ్వే వెయ్యి. మాటవరసకి ఫ్లాట్ ధర నలభై వేల డాలర్లు అనుకో. ఏడాదికి 52 వారాలు, రెండు వారాలు రిపేర్లకి వదిలితే 50. వారం రెండు వేలకి అమ్మితే లక్ష డాలర్లు. నలభై వేలకి అమ్ముడుపోని ఫ్లాట్ ముక్కలు చేస్తే లక్షకి పోతుంది. కొన్నవాడికేమో రెండు వేలే కదా అనిపిస్తుంది. అందులో అబద్ధం ఏమీ లేదు, మోసం అని కూడా అనను. కానీ ఎవరి అవసరం కోసం ఇది మొదలైందో చూశావా? స్విట్జర్లాండ్‌లో ఇల్లు లేనివాడి అవసరం. ఇక్కడ ఇల్లు అమ్ముకోలేనివాడి అవసరం. నేను చెప్పదలచుకున్నది ఇంతే, మిగతాదంతా వివరం.

1974లో ఫోర్ట్ లాడర్‌డేల్‌లో కరీబియన్ ఇంటర్నేషనల్ కార్పొరేషన్ అనే సంస్థ 25 ఏళ్ళ పాటు సెలవులు వాడుకునే లైసెన్సు అమ్మింది. అందులో ఆస్తి లేదు, ఉండే హక్కు మాత్రం ఉంది. నీకు చూపించిన కాగితంలో కూడా 25 ఏళ్ళనే రాసుందని అమ్మ చెప్పింది. అమ్మ ఫొటో పంపింది గానీ సగం వేలే కనపడింది. మళ్ళీ తియ్యమను.

అదే ఏడాది ఇండియానాపొలిస్‌లో జాన్ దెహాన్, క్రిస్టెల్ దెహాన్ అనే భార్యాభర్తలు ఆర్‌సీఐ అని వారాలు మార్చిపెట్టే కంపెనీ పెట్టారు. "ప్రతి ఏడాదీ అదే ఊరికి ఎవడు పోతాడు?" అని ఎవరైనా అడుగుతారు కదా, దానికి జవాబు అదన్నమాట. నీ వారం వాళ్ళ దగ్గర జమ చేస్తే ఇంకొకరి వారం, ఇంకో ఊళ్ళో ఇప్పిస్తారు. 1976లో మయామిలో ఇంటర్వెల్ ఇంటర్నేషనల్ వచ్చింది, అదీ ఇదే పని. మార్చుకునే వీలు వచ్చాక అమ్మేవాళ్ళ చేతికి ఆయుధం దొరికినట్టయింది. ఫ్లోరిడాలో గది చూపించి హవాయి అమ్మొచ్చు. ఆ క్రిస్టెల్ గారు జర్మనీ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డావిడ. 1996లో కంపెనీని 82 కోట్ల 50 లక్షల డాలర్లకి అమ్మి, ఆ తర్వాత పేద పిల్లలకి బళ్ళు పెట్టింది. వాటిలో ఒకటి మన బెంగళూరులో ఉంది. డబ్బు ఎక్కడెక్కడ తిరిగి ఎక్కడికి చేరుతుందో చూడు.

పాప ఇప్పుడే వచ్చి తాతకి ఏం రాస్తున్నావని అడిగింది. చెబితే, డాబా మీద పడుకోడానికి ఎప్పుడు వెళ్తాం అంది. దోమతెర ఉందా లేదా అని కూడా అడిగింది. ఉందని చెప్పాను. ఉంది కదా?

మా పక్కింటి పెద్దావిడ గురించి ఎప్పుడో చెప్పాను, ఒహాయో నుంచి వచ్చినావిడ, నిమ్మకాయలు ఇస్తుంది. పాప ఆవిణ్ణి మామ్మగారనే పిలుస్తుంది. నీ సంగతి మాటల్లో చెబితే లోపలికి వెళ్ళి ఒక పాత ఫైలు పట్టుకొచ్చింది. వాళ్ళాయన లారీ మెకానిక్. 1970ల చివర్లో శానిబెల్ అనే ద్వీపంలో వాళ్ళిద్దరూ ఒక వారం కొన్నారు. ఆ ద్వీపానికి వంతెన పడింది కూడా 1963లోనే. అప్పటిదాకా పడవ మీదే పోయేవాళ్ళు.

ఆ దస్తావేజు నువ్వు చూడాలి నాన్నా. అచ్చం మన పత్రాల్లాగే ఉంది. కౌంటీ ఆఫీసు ముద్ర, పుస్తకం నంబరు, పేజీ నంబరు. ఫలానా యూనిట్, 30వ వారం అని రాసుంది. నువ్వైతే హద్దులు ఎక్కడని అడిగేవాడివి. తూర్పున శనివారం, పడమరన శనివారం, మధ్యలో ఏడు రోజులు. అంతే. యావదాస్తిలో యాభై రెండింట ఒక వంతు విడదీయని వాటా, వారసులకి కూడా దక్కుతుంది. మన దగ్గర ఇలాంటి కాగితం వస్తే నువ్వు చేత్తో తాకేవాడివి కూడా కాదు.

ఫైల్లో ఇంకో కాగితం ఉంది. వంటింటి అల్మరా తలుపుకి లోపలి వైపు అంటించి ఉండేదట, పాతదాన్ని మార్చి కొత్తది అంటించేటప్పుడు ఆవిడ అడిగి తెచ్చుకుంది. ప్లేట్లు ఆరు, ఫోర్కులు ఆరు, గరిటెలు రెండు, డబ్బాలు కోసే కత్తి ఒకటి. శనివారం పొద్దున ఖాళీ చేసేటప్పుడు అన్నీ లెక్క చూసి పెట్టాలి, సాయంత్రానికి 31వ వారం వాళ్ళు దిగుతారు. ఒక ఏడాది గరిటె తక్కువైతే వాళ్ళాయన ఊళ్ళోకి పోయి కొనుక్కొచ్చి పెట్టాడట. పక్క యూనిట్లలో 30వ వారం వాళ్ళంతా ఏటా అవే ముఖాలు. పిల్లలు కలిసి పెరిగారు, పెళ్ళిళ్ళకి పిలుచుకున్నారు. ఆవిడ చెబుతుంటే నాకు మన అప్పికట్ల తిరణాల రోజులు గుర్తొచ్చాయి. జనం కొన్నది గోడల్ని కాదేమో అనిపించింది.

అప్పుడు అనుకున్నా, నువ్వెందుకు మెత్తబడ్డావో. నువ్వు నాతో అనలేదు గానీ అమ్మ నోరు జారింది. "ఏటా ఒక వారం మనదని ఉంటే పిల్లలంతా ఒక చోట చేరతారు" అన్నావట. నాన్నా, మేం రాకపోవడానికి చోటు లేక కాదు. పాప బడి, మీ అల్లుడి ప్రాజెక్టు, వీసా స్టాంపింగ్‌కి వెళ్తే మళ్ళీ తిరిగి రానిస్తారో లేదో అనే టెన్షన్. ఇవన్నీ నీకు వేళకి చెప్పకుండా "చూద్దాం, వచ్చే ఏడాది" అంటూ వచ్చానని నువ్వు అనుకుంటే అనుకో. కానీ కావాలని తప్పించుకుంటున్నామని మాత్రం అనుకోకు. సుబ్బలక్ష్మి పిన్ని అలా అందని శీను చెప్పాడు. ఆవిడ కొడుకు హైదరాబాదులో ఉండి సంక్రాంతికి రాడు, ముందు అది చూసుకోమను.

పక్కింటావిడ కథ పూర్తి చెయ్యలేదు. మొదట్లో మెయింటెనెన్స్ అంత లెక్కలోకి వచ్చేది కాదట. అది ఏటా పెరిగింది. ఈ దేశం మొత్తం మీద ఇప్పుడు సగటున ఏడాదికి వెయ్యి డాలర్లు దాటింది. వెళ్ళినా కట్టాలి, వెళ్ళకపోయినా కట్టాలి. వాళ్ళాయన పోయాడు. ఆవిడకి అంత దూరం కారు నడిపే ఓపిక లేదు. పిల్లలు తలో మూలా ఉన్నారు, మాకొద్దంటే మాకొద్దన్నారు. అమ్ముదామంటే ఇక్కడ పాత వారాలు ఇంటర్నెట్‌లో ఒక్క డాలరుకి కూడా పెడతారు, తీసుకునేవాడు ఉండడు. ఇంతలో 2022 సెప్టెంబరు 28న ఇయన్ తుఫాను వచ్చింది. శానిబెల్ వంతెన తెగిపోయింది, వీళ్ళ బిల్డింగ్ కింది అంతస్తు కొట్టుకుపోయింది. మళ్ళీ కట్టాలా, స్థలం అమ్మేసి పంచుకోవాలా అని వాటాదారులకి ఓటింగ్ పెట్టారు. అమ్మడానికే ఎక్కువ ఓట్లు పడ్డాయి. కానీ ఒక్కో ఫ్లాట్‌కి యాభై మంది వాటాదారులు. కొందరు చనిపోయారు, వారసులెవరో ఎక్కడున్నారో వెతకాలి. ఆ తతంగం గురించి నీకు నేను చెప్పేదేముంది? ఆవిడ చెక్కు ఇంకా రాలేదు.

కొన్నందుకు బాధపడుతున్నావా అని అడిగాను. లేదంది. "పిల్లలు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బంగారం, ఆ తర్వాత బిల్లు" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

మేం కూడా ఒకసారి ఆ అమ్మకం మీటింగుకి వెళ్ళాం, కంగారు పడకు, ఏమీ కొనలేదు. డిస్నీ టికెట్లు తక్కువకి ఇస్తామన్నారు, అంతే. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ రావాలన్నారు. నీక్కూడా అదే చెప్పారు కదా? ఎందుకంటే ఒక్కరే వస్తే "ఇంట్లో అడిగి చెబుతా" అని తప్పించుకుంటారు. తొంభై నిమిషాలన్నారు, భోజనం వేళ దాటింది. మొదటి కుర్రాడు పిల్లల గురించీ, పోయినేడాది హోటల్ ఖర్చు గురించీ అడిగాడు. మనం వద్దంటే మేనేజర్ వచ్చాడు, ధర తగ్గింది. ఇంకా వద్దంటే ఇంకొకడు వచ్చాడు, ఇంకా తగ్గింది. ఈ రోజే, రేపు ఈ ధర ఉండదన్నాడు. మీ అల్లుడు మాత్రం చివరిదాకా ఒకటే ప్రశ్న, మెయింటెనెన్స్ పెరగదని రాసిస్తారా అని. రాసివ్వలేదు.

గది మాత్రం చాలా బాగుందమ్మా అని అమ్మకి చెప్పు. పెద్ద వంటగది, నాలుగు పొయ్యిలు, గిన్నెలు కడిగే మెషిన్. హోటల్ గదిలో కెటిల్లో నూడుల్స్ చేసుకునే మన జనానికి అది చూస్తే ప్రాణం లేచొస్తుంది. తర్వాత ఒక వేసవిలో ఇక్కడి తెలుగువాళ్ళం మూడు కుటుంబాలు కలిసి అలాంటిదే ఎవరిదో వారం అద్దెకి తీసుకున్నాం. కుక్కరూ, సోనా మసూరీ బియ్యమూ, ఇంగువ డబ్బా కారు డిక్కీలో వేసుకుని పోయి, సముద్రం ఎదురుగా ముద్దపప్పు, దోసకాయ పచ్చడి తిన్నాం. వాటా కొన్నవాడికి పడే బరువేమీ మాకు లేదు. వాళ్ళ వారం పోకుండా మిగిలింది, మాకు చవకగా దొరికింది.

ఈ అమ్మకాల మీద గొడవలు ముదిరి 1981లో ఫ్లోరిడా దీనికి విడిగా చట్టం చేసింది. ఇప్పుడు ఇక్కడ సంతకం పెట్టాక పది రోజుల్లోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు. యూరప్‌లో 1994లో పది రోజులు కనీసం ఉండాలన్నారు, తర్వాత పద్నాలుగు చేశారు. 1984లో మారియట్ హోటళ్ళ వాళ్ళు, 1991లో డిస్నీ దిగాక దీనికి కాస్త పెద్దమనిషి ముఖం వచ్చింది. డిస్నీ వాళ్ళు మొదటి నుంచీ వారాల లెక్కన కాదు, పాయింట్ల లెక్కనే అమ్మారు.

మన దేశంలో నీకు తెలిసిందే. 1986లో చెన్నైలో స్టెర్లింగ్ వాళ్ళు, 1996లో మహీంద్రా వాళ్ళు మొదలుపెట్టారు. సూర్యం బాబాయి కొడైకెనాల్ ఫొటోలు గుర్తున్నాయా, అందరూ ఒకే రంగు స్వెటర్లు? ఆయనకి అది పనికొచ్చింది, ఒప్పుకుంటా. అప్పటికి వయసు నలభై, చేతిలో రైల్వే పాసు, పిల్లలకి వేసవి సెలవులు ఖాయం. నీకు ఇప్పుడు 68. పాతికేళ్ళ సభ్యత్వం. నువ్వు నిండు నూరేళ్ళూ ఉంటావు, అది వేరే సంగతి. కానీ అమ్మ మోకాలితో మున్నార్ కొండెక్కి ఎన్నేళ్ళు తిరుగుతుంది?

అయినా నీ డబ్బు, నీ ఇష్టం. నేను వద్దంటే మానేస్తావని తెలుసు, అందుకే వద్దు అనే మాట గట్టిగా అనలేకపోతున్నా. నువ్వు వాళ్ళని ఇవి మాత్రం అడుగు, నోటితో కాదు, కాగితం మీద. రద్దు చేసుకోడానికి ఎన్ని రోజులు ఇస్తారు, డబ్బు ఎంత తిరిగొస్తుంది? ఏడాది ఛార్జీ ఎంత, ఎంత దాకా పెంచొచ్చు? డిసెంబరులో గది దొరకకపోతే ఏం చేస్తారు? నీ తర్వాత ఇది మా మెడకి చుట్టుకుంటుందా? జవాబులు రాసిచ్చి సంతకం పెడితే అప్పుడు చూద్దాం. రాసివ్వకపోతే నీకే అర్థమవుతుంది, నువ్వు చూడని పత్రం ఉందా ఏమిటి.

మేం జనవరిలో రావడానికి చూస్తున్నాం. టికెట్ కొనేదాకా ఎవరికీ చెప్పొద్దు, ముఖ్యంగా పిన్నికి. వస్తే ఎక్కడికీ పోనక్కర్లేదు, మనింట్లోనే ఉంటాం. వెనక గదికి సున్నం వేయించు చాలు. ఏసీ గురించి ఇప్పుడే ఆలోచించకు.

బీపీ మాత్ర మానేశావని విన్నాను. తల తిరగడం లేదు కాబట్టి తగ్గిపోయింది అనుకోవడం తెలివి కాదు. రేపట్నుంచి మళ్ళీ వేసుకో. డాక్టరు దగ్గరికి శీను తీసుకెళ్తాడు. అమ్మ మోకాలికి ఎక్స్‌రే తీయించి నాకు పంపండి, వేలు అడ్డం పెట్టకుండా.

ఉంటాను.

నీ
పద్మ

తా.క. వాళ్ళు బహుమతిగా ఇచ్చిన గోవా కూపన్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది చదివావా? మూడు రాత్రులు గది ఒక్కటే ఫ్రీ అట. రైలు టికెట్లూ, భోజనాలూ, పన్నులూ అన్నీ మనవే. శనివారం, ఆదివారం చెల్లదు.